కంపెనీకి పెట్టిన పేరు

1994 జూన్ 5

పటాన్‌చెరు నుంచి బస్సులో వస్తుంటే కంపెనీ గేటు రాగానే ముందు సీట్లవాళ్లు లేచి దండం పెట్టారు. ఒకామె చంకలోని పిల్ల చేతులు కూడా పట్టుకుని జోడించింది. బోర్డు మీద 'శ్రీ ఈదమ్మ కెమికల్స్' అని పెద్ద అక్షరాలు, పక్కన మా ఊరి దేవత, అమ్మ బొమ్మ. పసుపు ముఖం, రూపాయంత బొట్టు. ఆ బొమ్మ కిందనుంచే కంపెనీ మురుగు మోరీ బయటికి వస్తుంది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మరీ దండం పెట్టే జనం మా తుమ్మలగడ్డలో తప్ప ఇంకెక్కడా ఉండరు.

నేను పెట్టలేదు. కిటికీలోంచి ఉమ్మేశాను. పక్కనామె నా తరఫున లెంపలేసుకుంది.

ఈ పుస్తకం అంగన్‌వాడీ పిల్లల హాజరు కోసం ఇచ్చారు. హాజరుకు పాతది సరిపోతుంది. ఇందులో నా సంగతి నేను రాసుకుంటాను. ఆయన పేరు మాత్రం ఇక్కడ కూడా రాయను. పెళ్లయి ఇంటికొచ్చిన రోజు ఆడబిడ్డ గడపకు అడ్డం నిలబడి "మా అన్న పేరు జెప్పి లోపటికి రా" అంటే ఒక్కసారి గొణిగాను. ఇన్నేళ్ల కాపురంలో మళ్లీ నోట రానివ్వలేదు. వాన మబ్బుకు మా ఊళ్లో అందరూ అనే మాటను కూడా నేను అనను, అందులో ఆయన పేరు ఉందని. "మబ్బు" అంటాను. నేను మబ్బు అన్నప్పుడల్లా తండ్రీ కూతురూ నవ్వేవాళ్లు. ఆయన పోయాక మంజుల నవ్వడం మానేసింది.

జూన్ 7

మా ఊళ్లో అమ్మ పేరు లేనిది ఏది గనక? ఈదమ్మ కిరాణం. ఈదమ్మ టైలర్స్. ఈదమ్మ సైకిల్ షాపు. కల్లు దుకాణానికీ అదే పేరు. దానివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. కిరాణంలో పప్పులో రాళ్లుంటే అంజయ్యను తిడతాము, అమ్మను కాదు. దుకాణం వెనక మనిషి కనబడతాడు కాబట్టి.

కంపెనీ వెనక ఎవరు కనబడతారు? ఓనరు కామేశ్వరరావు హైదరాబాదులో ఉంటాడు. వస్తే నల్ల అద్దాల కారులో వస్తాడు, పోతాడు. పోనీ ఆయన పేరు పట్టుకుని తిడదామన్నా అందులో ఈశ్వరుడున్నాడు. వీళ్లు దేవుళ్ల వెనక దాక్కోవడం పుట్టుకతోనే నేర్చుకున్నారు.

కంపెనీకి ఈ పేరు పెట్టించింది సంగయ్య. మా ఆయనకు చిన్నాయన కొడుకు. ఇప్పుడు అక్కడ కూలీల మీద మేస్త్రీ. భూమిపూజ నాడు నేను అక్కడే ఉన్నాను. "అమ్మ పేరు వెట్టుండ్రి సార్, ఊరోళ్లు కిక్కురుమనరు" అన్నాడు. అన్నట్టే అయింది. అమ్మకే ఇచ్చినట్టు మురిసిపోతూ ఊరు భూములిచ్చింది. మేమూ ఇచ్చాము. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే ఇదే కాబోలు.

జూన్ 9

ఇవాళ విచారణ. సంగారెడ్డి నుంచి సర్కారు సారు వచ్చాడు. బడి అరుగు మీద కుర్చీ వేశారు.

ఉగాది వెళ్లిన ఆదివారం, అక్కడ కూలికి పోయిన మా ఆయనను కంపెనీ వాళ్లు బురద ట్యాంకులోకి దింపారు. నడుముకు తాడు లేదు, మూతికి గుడ్డ లేదు. దిగినవాడు దిగినట్టే పడిపోయాడు. ఆ రోజు పనిలో ఉన్న నలుగురూ మా ఊరివాళ్లే. అందరూ చూశారు. మా ఇంటికొచ్చి ఏడ్చారు కూడా.

సారు మంచివాడే. మెల్లగా చదివి వినిపించాడు. "ఈదమ్మ కెమికల్స్ వారి నిర్లక్ష్యం వల్ల ఈయన మరణించాడు. ఇది మీరు చెబుతున్న మాటేనా? ఔనంటే వేలిముద్ర వేయండి."

ఎవరూ కదల్లేదు. చివరికి పోచయ్య తాత లేచాడు. ఊళ్లో పెద్ద మనిషి.

"అమ్మ సంపిందని ఎట్ల జెప్పుమంటవ్ సారూ?"

"అమ్మ కాదు తాతా. కంపెనీ."

"పేరైతే అమ్మదే గద. గా కాయితం మీద ఏలు వెట్టి, రేపు నేను ఏ మొకంతోని గుడికి వోవాలె?"

సంగయ్య వెనకనుంచి అందుకున్నాడు. "ఎయ్యుండ్రి, ఎవలేస్తరో ఎయ్యుండ్రి. రేపు ఇండ్లల్ల గత్తర రోగమొస్తె నన్ననకుండ్రి." తరవాత సారు వైపు తిరిగి గొంతు మార్చాడు. "తాగి వడ్డడు సార్. నా సొంత అన్న. నేను అబద్ధమాడుతనా?"

ఆయన తాగి పడ్డాడట! బోనాల నాడు అమ్మకు సాక పోయడానికి తప్ప కల్లు సీసా ముట్టని మనిషి.

నేను సంతకం పెడతానని ముందుకొచ్చాను. "మీరు చూశారామ్మా?" అని అడిగాడు సారు. చూడలేదు. ఆదివారం కాబట్టి అంగన్‌వాడీ మూసి ఉంది. లేకపోతే మా గది వెనక కిటికీ తీస్తే ఆ ట్యాంకే కనబడుతుంది. చూడలేదన్నాను. సారు కలం మూసేశాడు.

జూన్ 10

నాకు ఎవరి మీదా కోపం లేదు. న్యాయం కావాలి, అంతే.

జూన్ 11

సంగయ్య ఇల్లు తగలబడుతుంటే గడప మీద కూర్చుని చలి కాచుకోవాలని ఉంది.

జూన్ 20

సత్తెమ్మ బర్రె చచ్చిపోయింది. వాగులో నీళ్లు తాగి వచ్చి, నురగ కక్కి, వాకిట్లోనే పడింది. సత్తెమ్మ కంపెనీలో ఊడ్చే పని చేస్తుంది, సంసారం మాత్రం ఆ బర్రె పాల మీదే నడుస్తుంది.

జుట్టు విప్పుకుని రోడ్డు మీదికొచ్చింది. మేమంతా గుమిగూడాము. ఊళ్లో శాపం పెట్టాలంటే సత్తెమ్మే పెట్టాలి, ఆమె నోటికి రాయి కూడా పగులుతుంది. దోసిట్లో మన్ను తీసుకుని కంపెనీ దిక్కు తిరిగింది.

"నీ కడుపుల మన్నువడ! నీ ఇంట్ల పీనుగెల్ల! నీ పొయ్యిల పిల్లి లెవ్వకుండ! ఓ ఈద..."

అక్కడ ఆగిపోయింది. పేరు పెట్టి తిడితేనే శాపం తగులుతుంది, పేరు లేని శాపం తిరిగి మన మీదికే వస్తుంది. ఆ పేరు ఆమె నోట సగమే వచ్చింది. మన్ను జారిపోయింది. రెండు చేతులతో లెంపలు వాయించుకుని, "తప్పయింది తల్లీ, తప్పయింది, నా నోరు వడిపోను" అని రోడ్డు మీదే కూలబడింది. చివరికి తన రాతనే తిట్టుకుంది, చచ్చిన బర్రెనే తిట్టుకుంది.

నాకు అప్పుడు తెలిసింది. విచారణ కాగితం కాదు, సంగయ్య కాదు, ఆ బోర్డు. అది ఉన్నంతకాలం ఈ ఊరికి నోరు లేదు. వాళ్ల దగ్గరనుంచి ఆ పేరు లాక్కోవాలి. లాక్కుంటే ఊరంతా ఒక్కసారి నోరు విప్పి తిట్టాలి. ఆ తిట్లు నేను చెవులారా వినాలి. వేరే ఏమీ వద్దు నాకు.

జూన్ 28

మా అత్త ఎంకమ్మ మీదికి ఏటా బోనాల నాడు అమ్మ వస్తుంది. ఆ పూట ఆమె ఏం చెబితే ఊరు అది చేస్తుంది. ఒకసారి బోనాలు పోయే దారి మార్చమంటే మార్చారు. ఇవాళ ఆమె పప్పు రుబ్బుతుంటే అడిగాను.

"అత్తా, ఈయేడు అమ్మతోని ఒక్క మాట జెప్పియ్యి. నా పేరు కంపెనీకి వద్దని."

అత్త రుబ్బడం ఆపింది. "నేను చెప్పిచ్చేదేందే? నేను కుండను. అమ్మ ఏం వోస్తె గదే వొలుకుత."

"పోయింది నీ కొడుకత్తా."

"నాకెరుకలేదానె? కడుపు గాలింది నాకు గాదా? గని అమ్మ నోట్ల నా మాట వెడ్తె, ఇగ అమ్మ నా దిక్కు సూడది."

మళ్లీ రుబ్బడం మొదలుపెట్టింది. పిండి మెత్తబడినా చాలాసేపు రుబ్బుతూనే ఉంది.

జులై 4

అంగన్‌వాడీలో పిల్లలు పోయాక వెనక కిటికీ తెరిచి కూర్చుంటున్నాను. వాసనకు కళ్లు మండుతాయి. మండనీ. ట్యాంకు మూతలు లెక్కపెడుతున్నట్టు కూర్చుంటే సత్తెమ్మ అటుగా చీపురుతో పోతూ చూసి, "ఏం జూస్తున్నవ్ టీచరమ్మా?" అంది. ఏం లేదన్నాను. ఈసారి ఎవరైనా "చూశారామ్మా" అని అడిగితే లేదనకూడదు.

జులై 20

అత్త చెప్పదు. ఇంకెవరు చెప్తారు?

అమ్మ పూనడానికి ముత్తైదువే కానక్కరలేదు కదా. నేను బోనం ఎత్తకూడదు, నిజమే. కానీ అమ్మకు అడ్డం చెప్పేవాడెవడు?

ఏం మాట్లాడాలో మనసులో పెట్టుకున్నాను. ఇక్కడ రాయను.

ఆగస్టు 1

నిన్న బోనాలు. ఇంకా తల దిమ్ముగా ఉంది, అయినా రాస్తాను.

కంపెనీ వాళ్లు అమ్మకు నైవేద్యాలు తెచ్చే పలారం బండి కట్టారు. కామేశ్వరరావు స్వయంగా పట్టుచీర పళ్లెం పట్టుకుని ముందు నిలబడ్డాడు, సంగయ్య ఆయనకు గొడుగు పట్టాడు. పళ్లెంలో పసుపు కుంకుమల పక్కన కంపెనీ క్యాలెండరు కూడా పెట్టుకొచ్చారు. దాని మీదా అమ్మ బొమ్మే.

అత్త తడి చీరతో, వేపమండలతో గుడి ముందు నిలబడింది. డప్పులు కొడుతూనే ఉన్నారు. మామూలుగా రెండు దెబ్బలకే ఊగే మనిషి నిన్న కదల్లేదు. మండలు పట్టుకుని అలాగే నిలబడి కళ్లనీళ్లు కారుస్తోంది. జనం గుసగుసలు మొదలుపెట్టారు. సంగయ్య అయితే ముసిముసిగా నవ్వాడు, నేను చూశాను.

ఆ నవ్వు చూశాక జుట్టు విప్పుకున్నది గుర్తుంది. అత్త చేతిలోంచి మండలు లాక్కున్నది గుర్తుంది. మిగతాది సత్తెమ్మ చెప్పింది రాస్తున్నాను. నేను తిన్నగా కామేశ్వరరావు మీదికి పోయి పళ్లెం తన్నానట.

"ఎవన్రా నా పేరు గేటుకు గట్టింది? నీ కంపుకు నా పేరా? నీ మోరికి నా బొమ్మనా? నా పేరు నాకియ్యి! నువ్వు మింగినోని పేరు వెట్టుకో, పో!"

డప్పులు ఆగిపోయాయట. కామేశ్వరరావు కిందపడి దండం పెట్టి "అలాగే తల్లీ, అలాగే, శాంతించు" అన్నాడట. సంగయ్య గొడుగు పారేసి పోచయ్య తాత వెనక దాక్కున్నాడట. దొంగకు తేలు కుట్టినట్టు ఉండి ఉంటుంది. అది నాకు గుర్తులేకపోవడం ఒక్కటే బాధ.

నేను నటించలేదు.

ఆగస్టు 2

అత్త పొద్దున్నే నా తలకు నూనె పెడుతూ అడిగింది. "నీ మీదికొచ్చిందెవరే?"

"అమ్మ."

"మొదటి మాటలు అమ్మయే. 'మింగినోని పేరు' అన్నది సూడు, గది నీ గొంతు."

నూనె చెవిలోకి కారింది.

నేను నటించలేదు.

ఆగస్టు 6

బోర్డుకు సున్నం కొట్టారు! అమ్మ బొమ్మ మీద కూడా. బస్సు గేటు దగ్గరికి వచ్చింది, ఒక్కరూ లేవలేదు, ఒక్క చేయీ జోడించలేదు. తెల్లగా, వెధవ మొహం వేసుకుని ఉంది బోర్డు. దిగి చాలాసేపు నిలబడి కడుపునిండా చూశాను. వాచ్‌మన్ "క్యా హోనా అమ్మా?" అని అడిగితే "కుచ్ నై, దేఖ్తూఁ" అన్నాను, ఊరికే చూస్తున్నానని. ఇంటికొచ్చి చాలా రోజుల తరవాత శనగ గుడాలు చేశాను. మంజుల రెండుసార్లు పెట్టించుకుంది.

సత్తెమ్మ వాకిట్లో చేరింది. "ఇగ ఏమని తిట్టాలె టీచరమ్మా? మన్ను దీసుకొని తయారున్న."

"పేరు రానియ్యి సత్తెమ్మా. ఏదో ఒక పేరు వెట్టక ఊకుంటరా? పేరొచ్చినాక ఇద్దరం తిడుదం."

ఆగస్టు 13

సంగయ్య వచ్చాడు, స్వీట్ల డబ్బా పట్టుకుని. ఆయన పోయాక ఈ గడప తొక్కడం ఇదే.

"అమ్మ మాట మా సారు నెత్తినవెట్టుకున్నడు వదినా. మింగినోని పేరు వెట్టమన్నది గద. మా అన్న పేరే వెడ్తున్నం. కాయితాల మీద గూడ మార్పిస్తున్నడు. పంద్రాగస్టు నాడు బోర్డు. నువ్వే పరదా తియ్యాలె."

డబ్బా బయటికి విసిరాను. కుక్కలు తిన్నాయి. అతను నవ్వుతూనే చెప్పులు తొడుక్కున్నాడు.

ఆగస్టు 15

పరదా తాడు లాగింది నేనే.

పోవద్దనే అనుకున్నాను. ఊరంతా వచ్చి తీసుకుపోయింది. "మన ఊరోని పేరు వెడ్తున్నరే, నువ్వు రాకుంటె ఎట్ల" అని పోచయ్య తాత చేయి పట్టుకున్నాడు. అత్తకు కొత్త చీర కట్టించారు. చప్పట్లు కొడుతుంటే చేయి దానంతటదే లాగింది. పరదా జారింది. అమ్మ పేరు ఉన్నచోట ఆయన పేరు. అమ్మ బొమ్మ ఉన్నచోట ఆయన ఫోటో, గేటు పాసు మీదిదాన్ని పెద్దది చేసి దండ వేశారు. ఆ ఫోటోలో ఆయన కళ్లు మూసీమూయనట్టు ఉన్నాయి. ఫోటో దిగేటప్పుడు వెలుగు కొట్టిందని ఆనాడు ఇంటికొచ్చి చెప్పి నవ్వాడు. కింద మోరీ అలాగే పారుతోంది.

కామేశ్వరరావు మైకులో మాట్లాడాడు. "అమ్మవారి ఆజ్ఞను శిరసావహించాం. ఇకనుంచి ఈ కంపెనీ మీ ఊరి బిడ్డ పేరు మీద నడుస్తుంది." తరవాత నా దగ్గరికొచ్చి చేతులు జోడించాడు. "మీవారి పేరు చిరస్థాయిగా నిలిచిపోతుందమ్మా."

జనం జేజేలు కొట్టారు. అత్త ఫోటోను తడిమి తడిమి ఏడ్చింది. ఎవరో అన్నారు, చూడు, ఎంత మంచి మనిషో.

సంగయ్య నా చెవి దగ్గరికి వంగాడు. "ఇగ ఎవడన్న అంటడా వదినా, అన్న పేరు వెట్టుకున్న కంపెనీయే అన్నను సంపిందని?"

మింగినోడి పేరు పెట్టుకో అన్నాను. సిగ్గుపడి చస్తాడనుకున్నాను. పెట్టేసుకున్నాడు.

ఆగస్టు 16

ఏమీ రాయబుద్ధి కాలేదు.

ఆగస్టు 24

బస్సులో కండక్టర్ ఆయన పేరు పెట్టి అరిచాడు. ఇదివరకు "ఈదమ్మ స్టేజీ" అనేవాడు. ఇప్పుడు ఆయన పేరు, వెనకే "దిగేటోళ్లు దిగుండ్రి, జల్దీ!" అని. నేను దిగాల్సింది అక్కడే. దిగలేదు. తరవాతి స్టేజీలో దిగి నడిచి వచ్చాను.

లారీల మీద ఆయన పేరు. డ్రమ్ముల మీద ఆయన పేరు. గాలి ఇటు తిరిగితే ముక్కు మూసుకుని జనం ఆయన పేరే చెబుతున్నారు. ఇవాళ ఫలానా కంపు ఎక్కువుంది, ఫలానా పొగ ఇటే వస్తోంది. మా భూమి ఉన్నన్నాళ్లు ఆ మనిషి పొలంనుంచి వస్తే ఉల్లిగడ్డ వాసన వేసేవాడు.

అంగన్‌వాడీలో ఒక పిల్లకు దగ్గు తగ్గడం లేదు. వాళ్లమ్మ వచ్చి "ఏం జేస్తం టీచరమ్మా, మీ ఆయన కంపెనీ పొగ" అంది. మీ ఆయన కంపెనీ! ఆమె తప్పేమీ లేదు, నోరు జారింది. ఆ పిల్లకు మాత్రం ఇవాళ బెల్లం పాకం ఎక్కువ పెట్టాను.

సెప్టెంబరు 8

సత్తెమ్మ రెండో బర్రె కూడా పోయింది.

నేను మా వాకిట్లో గింజలు చెరుగుతున్నాను. ఆమె జుట్టు విప్పుకుని రోడ్డెక్కింది, దోసిట్లో మన్ను తీసుకుంది. ఎన్నాళ్లుగా ఎదురుచూస్తున్నాను ఈ ఘడియ కోసం! చేట పక్కన పెట్టి లేచాను. కడుపులో మన్నుపడ అంది, పీనుగెళ్ల అంది, పిల్లి లేవకుండ అంది. ఇక పేరు రావాలి. ఆయన పేరులో మొదటి అక్షరం పలికింది.

నన్ను చూసింది. నా పక్కన అత్తను చూసింది. మన్ను జారవిడిచింది.

"సచ్చినోన్ని తిట్టొద్దు" అని గొణుక్కుంటూ లోపలికి పోయింది.

అమ్మను తిట్టకూడదు. చచ్చినవాడిని తిట్టకూడదు. కామేశ్వరరావు చదువుకున్నవాడు, ఈ ఊరి నోరు ఏ తాళంతో మూతపడుతుందో బాగా నేర్చుకున్నాడు. ఆ తాళం చెవి నేనే పూనకంలో అందించాను. కాదు, పూనకం కాదు. అత్త చెప్పిందే నిజం, ఆ మాట నాదే.

మిగతావి అమ్మవే.

సెప్టెంబరు 9

అత్త అన్నం దగ్గర అంది, "నా కొడుకును మోరి పక్కన నిలవెట్టిండ్రు." తినకుండానే లేచింది.

అక్టోబరు 17

కిటికీ దగ్గర ఉన్నాను. ఈసారి చూశాను.

పిల్లలు ఇళ్లకు పోయారు. ట్యాంకు మూత తీసి ఉంది. సంగయ్య, పక్కన ఒక ఒరియా మనిషి, కంపెనీ షెడ్లలో ఉండేవాళ్లలో ఒకడు. అతను వద్దన్నట్టు చేయి ఊపాడు. సంగయ్య లోపలికి చూపించి ఏదో అన్నాడు, భుజం మీద తట్టాడు. తాడు లేదు. మూతికి గుడ్డ లేదు. అతను చొక్కా విప్పి మడతపెట్టి, గట్టు మీద పెట్టి దిగాడు.

తల కనబడింది, తరవాత కనబడలేదు.

"సంగయ్యా!" అని అరిచాను. అతను ఇటు చూశాడు. కిటికీలో నన్ను చూశాడు. ఆ చూపు నేను చచ్చేదాకా దాచుకుంటాను. సత్తెమ్మ చీపురు పారేసి ట్యాంకు దగ్గరికి పరుగెత్తింది, జనాన్ని పిలిచింది. తీసేసరికి అంతా అయిపోయింది.

గేటు ముందు పడుకోబెట్టారు, ఆయన ఫోటో కింద. ఏడవడానికి ఆ మనిషికి ఇక్కడ ఎవరూ లేరు. అతని పేరేమిటని అడిగితే సంగయ్య "ఎవరో ఒరియావోడు" అన్నాడు. షెడ్డులో ఉండే ఇంకో ఒరియా అతను ఏడుస్తూ చెప్పాడు, పేరు ఖగేశ్వర్ అని.

మడతపెట్టిన ఆ చొక్కా తెచ్చి అతని మీద కప్పింది అత్త.

అక్టోబరు 20

విచారణ అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

అదే బడి అరుగు, అదే సారు. ఊరంతా వచ్చింది. కామేశ్వరరావు తెల్ల చొక్కాతో కుర్చీలో కూర్చున్నాడు. సంగయ్య ముందే మొదలుపెట్టాడు. "తాగి వడ్డడు సార్. గీ ఒరియావోళ్లు గట్లనే..."

"మిమ్మల్ని అడగలేదు" అన్నాడు సారు. "చూసినవాళ్లెవరైనా ఉన్నారా?"

"నేను జూసిన" అని లేచాను. తాడు సంగతి, గుడ్డ సంగతి, చేయి ఊపిన సంగతి అన్నీ చెప్పాను. సారు రాసుకున్నాడు. తరవాత తల ఎత్తాడు.

"ఏ కంపెనీ అమ్మా?"

"గీ కంపెనీయే సారూ."

"అలా కాదు. ఈ రోడ్డు మీద అన్నీ కంపెనీలే. మీ నోటితో పేరు చెప్పాలి. మీరు చెప్పిందే నేను రాయాలి."

సంగయ్య ఒళ్లు విరుచుకుని గోడకు ఆనుకున్నాడు. "జెప్పది సార్. పెనిమిటి పేరు మా ఆడోళ్లు జెప్పరు. ఇగ ఊరోళ్లంటరా, సచ్చినోని మీద నింద ఎవలేస్తరు?"

కామేశ్వరరావు సారు వైపు చూసి, పాపం, అన్నట్టు తల ఊపాడు.

ఆ తల ఊపడం చూశాక నాకు సిగ్గు పోయింది. భయం పోయింది. పగ ఒక్కటే మిగిలింది. అది చల్లగా ఉంది.

"మొగులయ్య" అన్నాను.

అరుగు కింద ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఎవరో "అయ్యో తల్లీ" అన్నారు. నేను ఆగలేదు.

"మొగులయ్య కెమికల్స్. రాస్కో సారూ. గీ ఖగేశ్వర్‌ను మొగులయ్య సంపిండు. సత్తెమ్మ బర్లను మొగులయ్య సంపిండు. మా ఇంటాయనను సంపింది గూడ గీ మొగులయ్యనే. అప్పుడు అమ్మ పేరు వెట్టుకొని తిరుగుతుండె, ఇప్పుడు మా ఆయన పేరు వెట్టుకొని తిరుగుతున్నడు. రేపు ఎవల పేరు వెట్టుకున్నా వీడు వీడే."

సారు కలం నడుస్తున్న చప్పుడు వినబడింది. ఆ తరవాత వెనకనుంచి అత్త గొంతు వచ్చింది. జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"గా పేరు వెట్టినదాన్ని నేను. తొట్లెల ఏసి చెవుల జెప్పినదాన్ని నేను. నేను జెప్త, రాస్కో. మొగులయ్య."

సత్తెమ్మ లేచింది. తాను చూసింది చెప్పి, పేరు చెప్పి, వేలు సిరా డబ్బాలో ముంచింది. ఆ వెనక, మా ఆయన చావు చూసి నోరు మూసుకున్న నలుగురు లేచారు. పాత కాగితం కూడా తీయమన్నారు. పోచయ్య తాత చివరికి కర్ర పట్టుకుని వచ్చాడు. వేలు ముంచుతూ నా వైపు చూడలేక, "ఆనాడే ఎయ్యాల్సింది బిడ్డా" అన్నాడు.

సంగయ్య ఎప్పుడు జారుకున్నాడో తెలియదు. కామేశ్వరరావు లేచి కారు వైపు నడిచాడు. నడక కాదు, కాస్త పరుగే.

మేమంతా గేటు దగ్గరికి పోయాము. ఎవరూ పిలవలేదు, అందరూ వచ్చారు. సత్తెమ్మ దోసిట్లో మన్ను తీసుకుని నా వైపు చూసింది. మొదలు నన్నే పెట్టమని.

ఫోటోలో ఆయన కళ్లు మూసీమూయనట్టు ఉన్నాయి. నేను మన్ను తీసుకున్నాను.

"మొగులయ్యా! నీ గేటుకు తాళమువడ! నీ బోర్డు కూలిపోను! నీ పొయ్యిల పిల్లి లెవ్వకుండ! నీ పేరు జెప్పేటోడు లేకుండ వో!"

ఊరంతా అందుకుంది. ముసలివాళ్లు, పిల్లలు, షెడ్లలోని ఒరియా వాళ్లు, తెలిసినవాళ్లు తెలిసినట్టు, తెలియనివాళ్లు తమ భాషలో. బోర్డు మన్ను కొట్టుకుపోయి ముందు అక్షరాలు పోయాయి, తరవాత ఫోటో పోయింది. నా కళ్లలోనుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, నా చేతులు విసురుతూనే ఉన్నాయి. ఇంత హాయి ఉంటుందని ఎవరూ చెప్పలేదు నాకు. ఆయన ఉంటే ముందు నిలబడి విసిరేవాడు.

చీకటి పడకముందే వాచ్‌మన్ లోపలినుంచి గేటు మూసి తాళం వేశాడు. రేపు తెరుస్తారేమో. తెరిస్తే మళ్లీ పోతాము.

ఆ పేరు పెళ్లినాడు గడప దాటడానికి చెప్పాను. ఇవాళ గేటు మూయించడానికి చెప్పాను. ఇక దాచేదేముంది, ఇక్కడ కూడా రాస్తున్నాను. మొగులయ్య. మా మొగులయ్య.

ఇది రాస్తుండగా మంజుల బయటినుంచి కేకేసింది. "అమ్మా, వానొస్తదేమో, బట్టలు దియ్యాల్నా?"

తల బయటికి పెట్టి చూశాను. కంపెనీ దిక్కునుంచి నల్లగా కమ్ముకొస్తోంది.

"తియ్యి బిడ్డా," అన్నాను, "మొగులు వట్టింది."

మంజుల తీగ మీద చేయి వేసినది వేసినట్టే ఆగి, నా వైపు తిరిగింది.